కేసు అయిపోయిందన్న మాట చాలదు



సంఘ కాపరి ఇంటికి వచ్చే పనుల్లో పెండ్లి పని సంతోషమైనది. తాంబూలాలు పుచ్చుకున్నామని చెప్పడానికి వచ్చిన వారిని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ప్రార్థన చేసి, ఏ ఆదివారం ప్రకటన చదవాలో పుస్తకంలో వ్రాసుకుంటాము. అలాంటి ఒక సంతోషపు పనిలో నేను చేయబోయిన పొరపాటును గూర్చి, దాని వలన నేర్చుకొన్న సంగతులను గూర్చి ఈ నెల వ్రాస్తున్నాను. మన గ్రామ సంఘాలలో ఈ సంగతులు తెలియక చాల కుటుంబాలు చిక్కులో పడుతున్నవి.

2014లో, మిర్చి కోతలు ముగిసే రోజులు. ఒక సాయంకాలం మా సంఘ పెద్ద ఒకరు, ప్రక్క గ్రామం నుండి ఇద్దరు బంధువులు పార్సనేజీ వరండాలో కూర్చున్నారు. మా సంఘంలోని ఒక సహోదరికి సంబంధం కుదిరింది. ఆమెకు అప్పటికి 34 ఏండ్లు. 2000లో గుడిలో పెండ్లి జరిగి, మూడేండ్లకే చంటిబిడ్డతో పుట్టింటికి వచ్చేసింది. మిషను కుట్టి కూతురును చదివించుకుంటున్నది. వరుడు తాపీ మేస్త్రి, భార్య చనిపోయి నాలుగేండ్లయినది. నెమ్మదైన మనిషి. ఇరువైపుల వారికీ ఇష్టమే.

నేను ఆమెను పిలిపించి అడిగాను. "అమ్మా, మొదటి పెండ్లికి సంబంధించిన కోర్టు కాగితం ఏదైనా ఉన్నదా?"

"నాన్న దగ్గర ఉండేదండి అయ్యగారూ. నాన్న పోయిన తరువాత పెట్టెంతా వెదికాము, కనబడలేదు. కేసయితే అయిపోయిందండి. నాన్న కోర్టు నుంచి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. చెప్పులు విప్పకుండానే అరుగు మీద కూర్చొని, 'అయిపోయిందమ్మా' అన్నాడు."

మా పెద్ద అందుకొని, "ఊరందరికీ తెలిసిన సంగతే గదా అయ్యగారూ. పదకొండేండ్ల నుంచి ఆ పిల్ల అతని గడప తొక్కలేదు. అతను పట్నంలో వేరే సంసారం పెట్టుకున్నాడు. కాగితాలంటూ ఆలస్యం చేస్తే వచ్చిన సంబంధం పోతుంది. వచ్చే ఆదివారం ప్రకటన చదివేయండి" అన్నారు.

ఉన్నది ఉన్నట్లు చెప్పాలంటే, నేను సరేనన్నాను. వారు వెళ్లిన తరువాత వివాహ రిజిస్టరు తీసి, వివరాలు ముందుగా పెన్సిలుతో వ్రాయబోయాను. పేరు, వయస్సు, వృత్తి, తండ్రి పేరు. ఆ తరువాత "స్థితి" అన్న గడి వచ్చింది. కన్య అని వ్రాయలేను. వితంతువు అని వ్రాయలేను. విడాకులు పొందినది అని వ్రాయాలంటే, ఏ కోర్టు, ఏ నంబరు, ఏ తేదీ? పెన్సిలు అక్కడ ఆగిపోయినది. ఊరందరికీ తెలిసిన సంగతిని ఆ చిన్న గడిలో వ్రాయలేకపోయాను.

మరునాడు వెళ్లి, "ముందు కోర్టు కాగితము తెచ్చుకుందామమ్మా, నేనూ వస్తాను" అని చెప్పాను. ఆమె ముఖం చిన్నబోయింది. మా పెద్ద నాతో నాలుగు రోజులు సరిగా మాట్లాడలేదు.

రిజిస్టరులో దొరికిన వరుస

ఆమె, ఆమె తమ్ముడు, నేను బస్సెక్కి జిల్లా కేంద్రానికి వెళ్లాము. కేసు నంబరు తెలియదు. వకీలు గారు చనిపోయారు. ఇంటర్నెట్ సెంటరులో ఆమె పేరు మూడు విధాల స్పెల్లింగులతో కొట్టి చూశాము. ఏమీ రాలేదు. కోర్టు ఆవరణలో వేపచెట్టు క్రింద కూర్చొనియున్న ఒక పెద్ద వకీలు గారు మా సంగతి విని, "గుడిలో జరిగిన పెండ్లి గనుక జిల్లా కోర్టులోనే వేసి ఉంటారు. ఏ సంవత్సరమో గుర్తు తెచ్చుకో తల్లీ" అన్నారు. ఆమె ఆలోచించి, "పాప తప్పటడుగులు వేసేదండి. ఎండాకాలం" అన్నది. ఆ గుర్తుతో 2003 అని లెక్క కట్టాము. వకీలు గారు ఆమె చేత సంతకం చేయించుకొని, పాత రిజిస్టరు చూడడానికి అనుమతి కోరారు.

రెండవసారి వెళ్లినప్పుడు దొరికింది. వకీలు గారి గుమాస్తా వ్రేలు ఒక వరుస దగ్గర ఆగింది. ఆమె పేరు, భర్త పేరు, ఊరి పేరు, అన్నీ సరిగా ఉన్నవి. ఆ సహోదరి నా వైపు చూసి నవ్వింది. గుమాస్తా వ్రేలు ఆ వరుస వెంట చివరి గడి వరకు వెళ్లింది. ఆయన ఒకసారి చదివి, మళ్లీ చదివి, మెల్లగా చెప్పాడు.

"విడాకులు రాలేదమ్మా. వాయిదాకు ఎవరూ హాజరు కానందున కేసు కొట్టివేశారు."

ఆ ఏడాది ఆమె తండ్రికి పక్షవాతం వచ్చి రెండు నెలలు మంచం మీద ఉన్న సంగతి అప్పుడు జ్ఞాపకం వచ్చింది. లేచి తిరిగిన తరువాత ఆయన కోర్టుకు వెళ్లి ఉంటాడు. ఎవరో ఆయనతో "మీ కేసు అయిపోయింది" అని ఉంటారు. ఆ మాట అబద్ధం కాదు. కేసు నిజముగా అయిపోయినది. కాని విడాకులు మంజూరైనవని దాని అర్థం కాదు. చదువు రాని ఆ తండ్రి ఆ ఒక్క మాటను పట్టుకొని ఇంటికి వచ్చాడు. కూతురు పదకొండేండ్లు దాని మీదనే బ్రతికింది. నేను దాని మీదనే ప్రకటన చదవబోయాను.

తిరుగు బస్సులో ఆమె చాల దూరం మాట్లాడలేదు. మా ఊరి మలుపు దగ్గర, "మీరు అడగకుండా ఉంటే బాగుండేదని అక్కడ అనిపించిందండి అయ్యగారూ. కాని ఎప్పటికైనా ఎవరో ఒకరు అడిగేవారే గదా" అన్నది.

వరునికి నేనే వెళ్లి చెప్పాను. ఆయన కొంచెం సేపు ఊరకుండి, "నేను మేస్త్రినండి. పునాది గట్టిపడకముందు గోడ లేపితే ఏమవుతుందో తెలుసు. ఆగుదాము" అన్నాడు.

జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఆమెకు ఉచితముగా వకీలును ఇచ్చారు. మొదటి భర్తకు కబురు పంపితే అతను కూడ వచ్చాడు. కాగితం లేక అతనూ భయంతోనే కాలం గడుపుతున్నాడు. ఇద్దరూ కలిసి పరస్పర అంగీకారముతో విడాకులకు దరఖాస్తు వేశారు. చట్టము ప్రకారము ఆరు నెలలు ఆగి, 2015లో డిక్రీ పొందారు. అప్పీలు గడువు దాటిన తరువాత గుడిలో ప్రకటన చదివాను. రిజిస్టరులో ఆ గడిని కోర్టు పేరు, కేసు నంబరు, తేదీతో సహా సిరాతో నింపాను.

ఇక పాఠకులకు ఉపయోగపడే సంగతులు చెబుతాను.

విడాకులు ఇవ్వగలిగినది ఎవరు?

కోర్టు ఒక్కటే. ఇది మొదట మనస్సులో ఉంచుకోవాలి. కుల పెద్దల పంచాయితీ తీర్మానము, వంద రూపాయల స్టాంపు కాగితము మీద ఇద్దరూ చేసిన సంతకాలు, నోటరీ ముద్ర, పోలీసు స్టేషనులో వ్రాసుకున్న రాజీ, వీటిలో ఏదీ క్రైస్తవ వివాహాన్ని రద్దు చేయలేదు. చివరకు సంఘము ఇచ్చిన తీర్మానము కూడ చాలదు. సంఘ న్యాయసభ ఇచ్చిన రద్దు వలన చట్టము దృష్టిలో వివాహము రద్దు కాదని 1996లో సుప్రీంకోర్టు చెప్పినది. అటువంటి తీర్మానాలకు చట్టబద్ధత కోరిన పిటిషనును 2017లో కొట్టివేసినది.

మొదటి వివాహము రద్దు కాకుండా మరల వివాహము చేసుకుంటే ఆ రెండవ వివాహము చెల్లదు. అది నేరము కూడ. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 82వ సెక్షను దీనికి ఏడు సంవత్సరాల వరకు శిక్ష చెబుతున్నది. మొదటి పెండ్లిని దాచిపెట్టి చేసుకుంటే పది సంవత్సరాల వరకు శిక్ష ఉన్నది. శిక్ష మాట అటుంచి, ఎక్కువ నష్టపోయేది స్త్రీయే. భర్త చనిపోయిన రోజున పెన్షను కొరకో, ప్రమాద పరిహారము కొరకో వెళితే, "మీరు చట్టబద్ధమైన భార్యేనా?" అన్న ప్రశ్న వస్తుంది. అప్పుడు ఊరివారి సాక్ష్యం పనికిరాదు.

ఏ కోర్టులో వెదకాలి?

గుడిలో జరిగిన క్రైస్తవ వివాహాలకు 1869 నాటి విడాకుల చట్టము వర్తిస్తుంది. ఆ కేసులు జిల్లా కోర్టులో ఉంటాయి. ఫ్యామిలీ కోర్టు ఉన్నచోట అక్కడ ఉంటాయి. పెండ్లి జరిగిన ప్రాంతము, భార్యాభర్తలు నివసిస్తున్న ప్రాంతము, వారు చివరిసారిగా కలిసి కాపురమున్న ప్రాంతము, ఈ మూడింటిలో ఏదో ఒక దానిపై అధికారమున్న కోర్టులో కేసు వేసి ఉంటారు. గనుక మొదట ఈ మూడు ఊళ్లను కాగితము మీద వ్రాసుకోండి.

రక్షణలోనికి రాకముందు హిందూ పద్ధతిలో పెండ్లి జరిగిన వారు మన సంఘాలలో ఉన్నారు. వారి కేసు హిందూ వివాహ చట్టము క్రింద ఉండవచ్చును. అటువంటివి సీనియర్ సివిల్ జడ్జి కోర్టులోనో, ఫ్యామిలీ కోర్టులోనో వెదకాలి. రిజిస్ట్రారు కార్యాలయంలో ప్రత్యేక వివాహ చట్టము క్రింద పెండ్లి చేసుకున్నవారి సంగతి కూడ వేరుగా చూడాలి. గనుక పెండ్లి ఏ చట్టము క్రింద జరిగిందో ముందు తెలుసుకోవాలి.

జిల్లాలు మారిన సంగతి కూడ మరువకండి. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయినవి, 2019లో 33 అయినవి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినవి. ఈనాడు మీ మండలము ఏ జిల్లాలో ఉన్నదని గాక, కేసు వేసిన సంవత్సరంలో ఏ కోర్టు పరిధిలో ఉన్నదని చూడాలి. పాత కట్టలు పాత జిల్లా కేంద్రపు రికార్డు గదిలోనే ఉండవచ్చును.

నంబరు తెలియకపోతే

ఈ దినాలలో ఈ-కోర్ట్స్ సర్వీసెస్ అను వెబ్‌సైటులోను, సెల్ ఫోను యాప్‌లోను కేసులు వెదకవచ్చును. రాష్ట్రము, జిల్లా, కోర్టు సముదాయము ఎంచుకొని, పక్షకారుని పేరు, సంవత్సరము ఇవ్వాలి. ముగిసిన కేసు గనుక "డిస్పోజ్డ్" అన్నది ఎంచుకోవాలి. ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా ఉన్నా దొరకదు. బాప్తిస్మము పేరు, ఇంటి పేరు, రేషను కార్డులోని పేరు, అన్నిటితోను చూడండి. భార్య పేరుతో దొరకకపోతే భర్త పేరుతో వెదకండి. కేసు దొరికితే 16 అక్షరాలు, అంకెలు గల సి.ఎన్.ఆర్. నంబరు కనబడుతుంది. దానిని వ్రాసుకుంటే తరువాతి పని తేలిక.

పాత కేసులన్నీ అందులో ఉండవు. మాకు దొరకనిది అందుకే. అందులో కనబడలేదు గనుక కేసే లేదని అనుకోవద్దు. ఇంట్లో వెదికితే పాత సమను, వాయిదా తేదీ వ్రాసిన చీటీ, వకీలు గారి రసీదు, ఏదో ఒకటి దొరుకుతుంది. వాటి మీద ఓ.పి. అనో, ఎఫ్.సి.ఓ.పి. అనో, హెచ్.ఎం.ఓ.పి. అనో ఒక నంబరు, ఏటవాలు గీత, సంవత్సరము ఉంటాయి. అదే కేసు నంబరు. ఏదీ దొరకకపోతే బిడ్డ పుట్టిన సంవత్సరము, తుపాను వచ్చిన సంవత్సరము, ఎన్నికలు జరిగిన సంవత్సరము, ఇలా గుర్తులు పెట్టుకొని సంవత్సరము తేల్చుకోండి. ఆ తరువాత వకీలు ద్వారా రిజిస్టరు వెదికించవచ్చును.

నకలు కొరకు దరఖాస్తు

కోర్టు ముద్ర, అధికారి సంతకము గల ధ్రువీకరించిన నకలునే సర్టిఫైడ్ కాపీ అంటారు. జెరాక్సు చాలదు. వెబ్‌సైటు నుండి తీసిన ప్రింటూ చాలదు. కేసులో పక్షకారులైన భార్య గాని భర్త గాని నకలు కోరితే అది వారి హక్కు. బయటివారు అడిగితే ఎందుకు కావాలో చెప్పుతూ ప్రమాణ పత్రముతో న్యాయమూర్తి అనుమతి కోరవలసి ఉంటుంది. కుటుంబ విషయాలు గనుక అది సులభముగా ఇవ్వరు. అందుచేత పాస్టరు గారో, వరుని బంధువులో వెళ్లకుండా, ఆ వ్యక్తి చేతనే దరఖాస్తు పెట్టించడం మంచిది.

దరఖాస్తు ఈ విధముగా ఉంటుంది. కోర్టులో దొరికే ఫారములో నింపాలి.

"గౌరవనీయులైన జిల్లా న్యాయమూర్తి గారి కోర్టు, .......... ఓ.పి. నంబరు ....., సంవత్సరము ...... పిటిషనరు: ........... రెస్పాండెంటు: ........... పై కేసులో నేను పిటిషనరును (లేక రెస్పాండెంటును). ....... తేదీన ఇచ్చిన తీర్పు మరియు డిక్రీ యొక్క ధ్రువీకరించిన నకళ్లు, ఒక్కొక్కటి రెండు ప్రతులు, ఇప్పించవలసినదిగా కోరుచున్నాను. సంతకము, తేదీ, చిరునామా."

తీర్పు, డిక్రీ రెండూ అడగండి. జరిగిన విచారణ, కారణాలు తీర్పులో ఉంటాయి. చివరకు కోర్టు ఇచ్చిన ఆజ్ఞ డిక్రీలో ఉంటుంది.

దరఖాస్తు మీద కోర్టు ఫీజు స్టాంపు అంటించి కాపీయింగ్ సెక్షనులో ఇవ్వాలి. తరువాత ఇంటికి వెళ్లి ఊరకుండకూడదు. ఎన్ని పేజీలో లెక్క చూసి, ఎంత రుసుము కట్టాలో కొద్ది రోజులలో నోటీసు బోర్డు మీద పెడతారు. గడువులో కట్టకపోతే దరఖాస్తు కొట్టివేస్తారు. పల్లె నుండి వచ్చేవారు ఇక్కడనే నష్టపోతారు. దగ్గరలో నమ్మకమైన వకీలు గుమాస్తా ఉంటే ఆ బోర్డు చూసే పని ఆయనకు అప్పగించండి. నకలు వచ్చిన తరువాత దాని మీద దరఖాస్తు పెట్టిన తేదీ, రుసుము అడిగిన తేదీ, కట్టిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ వరుసగా ఉంటాయి. అప్పీలు గడువు లెక్కలో నకలు కొరకు పట్టిన కాలమును మినహాయిస్తారు గనుక ఆ తేదీలు ముఖ్యమైనవి.

కట్ట కనబడలేదని చెబితే ఆ మాటను వ్రాతపూర్వకముగా అడగండి. రిజిస్టరులోని నమోదు నకలు ఇవ్వగలరేమో అడగండి. ఎదుటి పక్షమువారి దగ్గర, పాత వకీలు గారి కుటుంబము దగ్గర, మనోవర్తి కేసు ఏదైనా ఉంటే ఆ ఫైలులో, డిక్రీ ప్రతి ఉండవచ్చును.

డబ్బు లేదని వెనుకాడవద్దు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయముతో నిమిత్తము లేకుండా ఉచిత న్యాయ సహాయము ఉన్నది. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ కార్యాలయముంటుంది. 15100 నంబరుకు ఫోను చేసి కూడ అడగవచ్చును.

కాగితము చేతికి వచ్చిన తరువాత

చివరి పేజీ నెమ్మదిగా చదవండి, తెలిసినవారి చేత చదివించండి. "వివాహము రద్దు చేయడమైనది" అన్న అర్థముగల ఆజ్ఞ ఉండాలి. పిటిషను కొట్టివేశారని ఉంటే వివాహము నిలిచే ఉన్నది. న్యాయబద్ధముగా వేరుగా ఉండుటకు ఇచ్చిన ఆజ్ఞ విడాకులు కాదు. మనోవర్తి ఇవ్వమన్న ఆజ్ఞ కూడ విడాకులు కాదు. ఎదుటివారు హాజరు కాని కారణమున ఇచ్చిన ఏకపక్ష డిక్రీ అయితే, దానిని రద్దు చేయమని తరువాత ఎవరైనా దరఖాస్తు పెట్టారేమో విచారించాలి.

తేదీ కూడ చూడాలి. 2001లో క్రైస్తవ విడాకుల చట్టమును సవరించారు. ఆ సవరణ 2001 అక్టోబరు 3 నుండి అమలులోనికి వచ్చినది. అంతకుముందు జిల్లా కోర్టు ఇచ్చిన క్రైస్తవ విడాకుల డిక్రీని హైకోర్టు ఖాయపరచవలసి ఉండేది. గనుక ఆ కాలపు డిక్రీ ఎవరైనా చూపిస్తే, హైకోర్టు ఖాయపరచిన ఉత్తరువు కూడ అడగాలి. అప్పటి మన హైకోర్టు హైదరాబాదులో ఉండేది. 2019 జనవరి 1 నుండి ఆంధ్రప్రదేశ్‌కు అమరావతిలో వేరుగా హైకోర్టు ఉన్నది.

డిక్రీ వచ్చిన మరునాడే పెండ్లి చేయకూడదు. అప్పీలు గడువు దాటి ఎవరూ అప్పీలు చేయకపోతేనో, చేసిన అప్పీలు కొట్టివేయబడి ఖాయమైతేనో తిరిగి వివాహము చేసుకోవచ్చునని విడాకుల చట్టము 57వ సెక్షను చెబుతున్నది. మీ కేసులో గడువు ఎన్ని రోజులో వకీలును అడిగి వ్రాసుకోండి.

విదేశీ సంబంధము వచ్చినప్పుడు

ఇప్పుడు మన పల్లెలకు కూడ అమెరికా సంబంధాలు వస్తున్నవి. "అక్కడ విడాకులైపోయినవి" అంటారు. ఇక్కడ కూడ అదే మాట! అక్కడ చాల రాష్ట్రాలలో విడాకుల డిక్రీలు కౌంటీలోని కోర్టు క్లర్కు కార్యాలయంలో ఉంటాయి. కేసు నంబరుతో అడిగితే ధ్రువీకరించిన నకలు ఇస్తారు. దానిని తెప్పించమనండి. అయితే అది వచ్చినా అన్నివేళలా చాలదు. తిరుపతిలో పెండ్లి జరిగిన దంపతుల విషయంలో, భర్త అమెరికాలో తెచ్చుకున్న విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ పెండ్లి ఇక్కడ జరిగి, భార్య ఆ కోర్టుకు లోబడకుండా డిక్రీ వచ్చి ఉంటే, తప్పక వకీలును సంప్రదించాలి.

కాపరులకు, పెద్దలకు ఒక మాట

కాగితము అడగడం అవమానించడం కాదు. ఒకరిని అడిగి మరొకరిని అడగకపోతే అది అవమానము. అందుచేత మా సంఘంలో ఒక నియమము పెట్టుకున్నాము. పునర్వివాహము ఎవరిదైనా, పెద్ద ఇంటివారైనా, కూలి పనివారైనా, మరణ ధ్రువపత్రమో, డిక్రీ నకలో చూచిన తరువాతనే ప్రకటన. ఆనాడు అలిగిన మా పెద్దే ఇప్పుడు ఆ మాట అందరికంటె ముందు అడుగుతారు.

ఆ తీర్పులో ఒక ఇంటి కన్నీరు ఉంటుంది. తాగుడు, దెబ్బలు, నిందలు అన్నీ వ్రాసి ఉంటాయి. కాపరికి కావలసినది చివరి ఆజ్ఞ, తేదీ, నంబరు. మిగతా పేజీలు తిరగవేయనక్కరలేదు. నలుగురిలో చదవనే కూడదు. చూచి, నంబరు వ్రాసుకొని, కాగితము వారి చేతికే తిరిగి ఇవ్వండి.

ఎజ్రా గ్రంథములో ఒక సంగతి ఉన్నది. దేవాలయము కట్టుటకు మీకు సెలవెవరిచ్చారని అధికారులు అడిగినప్పుడు, యూదుల పెద్దలు కోరెషు రాజు ఇచ్చాడని నోటితో చెప్పారు. చెప్పినది నిజమే. అయినను రాజు పాత దస్తావేజులు వెదికించాడు. వ్రాత దొరికినది. ఆ తరువాత ఆ పనికి ఎవరూ అడ్డు రాలేదు. వెదకమన్నందుకు పెద్దలు నొచ్చుకున్నట్లు అక్కడ లేదు.

ఆ సహోదరి కూతురుకు మొన్న పెండ్లి సంబంధాలు చూడడం మొదలుపెట్టారు. వరుని వైపువారు తల్లి సంగతి అడిగారట. ఆమె లోపలికి వెళ్లి, బియ్యపు డబ్బా ప్రక్కనున్న రేకు పెట్టెలో నుండి ప్లాస్టిక్ కవరులో పెట్టిన డిక్రీ నకలు, వివాహ ధ్రువపత్రము తెచ్చి బల్ల మీద పెట్టిందట. వారు చూచి, తిరిగి ఇచ్చి, ఇక ఏమీ అడగలేదట. ఈ మాట నాకు చెప్పినప్పుడు ఆమె నవ్వింది. ఆనాడు రిజిస్టరు ముందు నవ్విన నవ్వు వంటిదే గాని, ఈసారి దాని మీద నీడ లేదు.

మీ ఇంట్లో అటువంటి కాగితము ఉంటే ఈ రోజే తీసి చూడండి. లేకపోతే వచ్చే వారము బస్సెక్కండి. తోడు కావాలంటే మీ కాపరిని అడగండి.